గొడుగావిడ అనని మాట

ఆ రోజు బట్టలుతుక్కునే వంతు మూడో అంతస్తు వాళ్ళది. ఆ బిల్డింగులో ఎవరింట్లోనూ వాషింగ్ మిషన్ లేదు. సెల్లారులో ఉన్న రెండు మిషన్లే అందరికీ. కోడలు బుట్టలో బట్టలు వేస్తుంటే అత్తగారు అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"మీరెందుకత్తయ్యా, మూడంతస్తులు దిగడం? నేను వేసొస్తాగా."

"బట్టల కోసం కాదే. గొడుగావిడ వచ్చి ఉంటుంది."

గొడుగావిడ కింది అంతస్తులో ఉంటుంది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైంది. ఎండ కాస్తున్నా గొడుగు లేకుండా గడప దాటదు. ఆ పేరు పెట్టింది అత్తగారే. అసలు పేరు అడిగి తెలుసుకుంది గానీ, నోరు తిరగక వదిలేసింది.

"వెళ్ళనీ. అమ్మకి పెద్దాఫీసు పనులున్నట్టున్నాయి," అన్నాడు భర్త, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. అతను లిఫ్టు మెకానిక్కు.

"ఊళ్ళో లిఫ్టులన్నీ నువ్వే బాగుచేస్తావు. మనింటికి మాత్రం మెట్లే," అంది తల్లి.

"బాగుచేసేవాడికి తెలుసమ్మా, ఎక్కకూడదని."

తల్లీకొడుకులు నవ్వుకున్నారు. కోడలు బుట్ట చంకనెత్తుకుంది.

ఆమె ఈ దేశం వచ్చి ఏడాది దాటింది. రాకముందు క్లాసులకెళ్ళి ఇక్కడి భాష నేర్చుకుంది. పరీక్ష రాసి పాసైంది. అక్కడ ఆమె లెక్కల టీచరు. వీధిలో నడుస్తుంటే పిల్లలూ, పిల్లల తల్లులూ ఆగి పలకరించేవారు. ఇక్కడ కొట్లో ఉప్పు అడగాలన్నా ముందు మనసులో వాక్యం కూర్చుకోవాలి. అది సరిగా ఉందో లేదో చూసుకునేలోపు కొట్టతను వెనకున్న మనిషి వైపు తిరుగుతాడు. అప్పుడిక చేత్తో చూపిస్తుంది.

అత్తగారు వచ్చి మూడు నెలలే. ఇక్కడి భాషలో ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఆవిడ పట్టించుకోలేదు. అందరితోనూ తెలుగులోనే మాట్లాడుతుంది. పోస్టుమాన్‌ని మెట్ల మీద ఆపి, "ఏం నాయనా, సంచీ బరువెక్కినట్టుందే," అంటుంది. అతను తన భాషలో ఏదో చెప్తాడు. "అంతేగా మరి," అంటుంది. అతనూ తలూపి ఇంకో రెండు మాటలు చెప్పి వెళ్తాడు. మొన్న అతను కోడలికి కవరు ఇచ్చి, ఆమె వెనక్కి తొంగిచూసి, "పెద్దావిడ లేదా?" అని అడిగాడు. ఏడాదిగా కవర్లు తీసుకుంటున్నది కోడలు. ఆమెని అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

పెరట్లో బట్టలారేశాక ఆ ఇద్దరూ బెంచీ మీద కూర్చుంటారు. అత్తగారు తన పెళ్ళినాటి గొడవలు చెప్తుంది. గొడుగావిడ తన బస్సు సంగతులు చెప్తుంది కాబోలు, చేతులు స్టీరింగు తిప్పుతుంటాయి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకేసారి నవ్వుతారు. కోడలు మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తుంది. కళ్ళలో కారం పడ్డట్టుంటుంది. అది కుళ్ళని ఆమెకి తెలుసు. అత్తగారి మీద కుళ్ళుకునే కోడలు తనొక్కతే అయుంటుందనీ అనుకుంది.

"మీ అమ్మగారి గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోందండీ," అని ఒకసారి భర్తతో అంది.

"మా వీధిలో అటు చివరిదాకా వినిపించేది. చాలా తగ్గింది."

కోడలు కిటికీ మూసింది.

ఆ పొద్దున దుప్పట్లు ఆరేస్తుండగా గొడుగావిడ కోడలి దగ్గరికొచ్చింది. గొడుగు తీగకి తగిలించి, ఆగి ఆగి, స్పష్టంగా చెప్పింది.

"నువ్వు రావడం మంచిదైంది. ఈవిడకొక మాట చెప్పాలి. మా చెల్లెలికి సరస్సు పక్కన ఇల్లుంది. వచ్చేవారం వెళ్తున్నాను. ఒక మంచం ఖాళీ. నాతో వస్తుందేమో అడుగు."

కోడలికి ప్రతి మాటా అర్థమైంది. తర్వాత ఇంకో మాట వస్తుందేమోనని చూసింది. 'నువ్వు కూడా' అనే మాట. గొడుగావిడ నోట్లో క్లిప్పు పెట్టుకుని దుప్పటి అంచు సర్దుతోంది. ఆ మాట రాలేదు.

"ఏమంటోందే?" అత్తగారు అడిగింది.

"మీ గొంతు ఇబ్బందిగా ఉందటత్తయ్యా." కోడలు బుట్టలోకి చూస్తూ చెప్పింది. "రోజూ ఈ గోలేంటని చుట్టుపక్కల వాళ్ళు కూడా అంటున్నారట. ఇకమీదట రావద్దంటోంది."

అత్తగారు గొడుగావిడ వైపు చూసింది. ఆవిడ జవాబు కోసం ఎదురుచూస్తోంది, నవ్వుతూ.

"నవ్వుతూ అంటోందేంటే?"

"ఇక్కడివాళ్ళంతే. కటువు మాట కూడా నవ్వుతూనే చెప్తారు."

అత్తగారు చేతిలో ఉన్న దిండు గలీబు బుట్టలో పెట్టింది. "తప్పయిందమ్మా," అని గొడుగావిడతో అని, మెట్ల వైపు నడిచింది. ఆవిడ నోట మాట అంత మెల్లగా రావడం కోడలు ఎప్పుడూ వినలేదు.

"ఏమంది? రాదా?" గొడుగావిడ అడిగింది.

"ఆమెకి ఇలాంటివి అలవాటు లేదు. ఒక్కతే ఉండటం ఇష్టం. మళ్ళీ పిలవొద్దంది."

మనసులో కూర్చుకోకుండా, ఎక్కడా ఆగకుండా, ఆ భాషలో కోడలు మాట్లాడటం అదే మొదలు. ఆ సంగతి ఆమెకే తెలిసింది. కొంచెం గర్వం కూడా కలిగింది. మెట్లెక్కేసరికి అది పోయింది.

ఆ రోజు నుంచి అత్తగారు ఇంట్లో మునివేళ్ళ మీద నడిచింది. కుర్చీ లాగకుండా ఎత్తి జరిపేది. దగ్గొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చెల్లెలితో ఫోన్లో మాట్లాడాలంటే స్నానాల గదిలోకెళ్ళి తలుపేసుకునేది. పంచదార డబ్బా మూత జారి కిందపడితే, ముందు వంగి దాన్ని అందుకోలేదు. నేల వంక చూసి, "వినపడి ఉంటుందా?" అంది.

కోడలు అనుకున్నది ఇది కాదు. బట్టల బుట్టతో తనే కిందికి దిగింది. గొడుగావిడ దగ్గర ఆగి, వాతావరణం గురించి రెండు వాక్యాలు చెప్పింది. తప్పుల్లేకుండా చెప్పింది. గొడుగావిడ విని, "మీ అత్తగారికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

"బాగానే ఉంది," అంది కోడలు. ఖాళీ బెంచీ మీద కూడా అత్తగారే కూర్చున్నట్టనిపించింది.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ అత్తగారు కొడుకుతో అంది, "ఒరేయ్, నాకు టికెట్ తియ్యరా. పిన్ని దగ్గరికెళ్ళిపోతాను."

"ఏమైందిప్పుడు? ఇంకా మూడు నెలలుండొచ్చుగా."

"ఏం కాలేదు. నా గొంతు ఈ గోడలకి సరిపడదు. మీరు పదికాలాలు ఉండాల్సిన ఇల్లు. నా మూలంగా ఖాళీ చెయ్యమన్నారంటే ఎక్కడికి పోతారు?"

అతను కప్పు కింద పెట్టాడు. "ఎవరన్నారు నీ గొంతు గురించి?"

అత్తగారు నేల వంక చూసింది. అతను భార్య వైపు తిరిగాడు. భార్య పొయ్యి వైపు తిరిగింది.

"గొడుగావిడేనా? అందుకా నువ్వు కిందికెళ్ళట్లేదు?" అతను లేచాడు. "పదండి. ముగ్గురం వెళ్దాం. మా అమ్మ చేసిన నేరమేంటో అడుగుతాను."

"గొడవలొద్దురా," అంది తల్లి.

"మీకు భాష సరిగా రాదు కదండీ," అంది కోడలు.

అది నిజమే. అతను పనిలో నేర్చుకున్న మాటలు కొన్నే: పైకి, కిందికి, ఆపు, కరెంటుంది, చెయ్యి తియ్యి.

"నువ్వున్నావుగా," అన్నాడతను. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు."

గొడుగావిడ తలుపు తీసింది. ముందు అత్తగారిని చూసింది. మొహం వికసించబోయి ఆగింది. పక్కకి తప్పుకుని లోపలికి రమ్మన్నట్టు చెయ్యి చూపింది గానీ, ఎవరూ కదల్లేదు.

"అడుగు," అన్నాడు భర్త. "మా అమ్మ నవ్వితే ఈవిడకొచ్చిన నష్టమేంటో అడుగు. నచ్చకపోతే మొహం మీద చెప్పాలి గానీ, రోజూ పక్కన కూర్చోబెట్టుకుని, ఒకరోజు పొమ్మనడమేంటో అడుగు."

కోడలు గొడుగావిడ వైపు తిరిగింది. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పొచ్చు. రెండు వైపులా ఆమె మాటే చెల్లుతుంది. ఈవిడకో మాట, వీళ్ళకో మాట చెప్పి పైకి తీసుకెళ్ళిపోవచ్చు. ఆ తర్వాత టికెట్ వస్తుంది. అత్తగారు స్నానాల గదిలో కూర్చుని చెల్లెలికి ఏ తారీఖున వస్తోందో గుసగుసగా చెప్తుంది.

"నేను అబద్ధం చెప్పాను," అంది కోడలు, ఆ దేశపు భాషలో. "ఆమె రానని అనలేదు. మీరు పిలిచారని ఆమెకి తెలియదు. మీరు తిట్టారని చెప్పాను."

గొడుగావిడ తలుపు పిడి వదిలేసింది.

"ఏమందే? ఏమన్నావే?" అత్తగారు ఇద్దరి మొహాలూ చూస్తోంది.

పరాయి భాషలో ఆ మాటలు సులువుగానే వచ్చాయి. తెలుగులో చెప్పాలంటే ముందు మనసులో వాక్యం కూర్చుకోవాల్సొచ్చింది.

"ఆవిడ మిమ్మల్నేం అనలేదత్తయ్యా. వాళ్ళ చెల్లెలి ఊరికి మిమ్మల్ని రమ్మంది. నేనే... నేనే కల్పించి చెప్పాను."

భర్త ఏదో అనబోతే అత్తగారు చెయ్యడ్డం పెట్టింది.

"ఎందుకు?" అంది.

"మీరొచ్చి మూడు నెలలు. నేనొచ్చి ఏడాది. ఈ మెట్ల మీద నన్నొక్కరూ పలకరించలేదు. అందరూ మీ గురించే అడుగుతారు. చదువుకుని వచ్చింది నేను, పరీక్ష రాసింది నేను. చూళ్ళేకపోయాను." కోడలు మొహం పక్కకి తిప్పుకుంది.

అత్తగారు కోడలికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి గొంతు పాత గొంతే. మెట్లన్నీ మారుమోగాయి.

"నోరు మూసుకో అత్తయ్యా అని నువ్వే అంటే మూసుకునేదాన్ని కదే! ఆవిడ నోట్లో ఎందుకు పెట్టావా మాట? పంచదార డబ్బా మూత పడితే హడలి చచ్చాను! పలకరించలేదట, పలకరించలేదు! ఎవరైనా ఎదురొస్తే గోడకి అతుక్కుపోతావు, గోడనెవరు పలకరిస్తారే?"

గొడుగావిడ కోడలి మోచెయ్యి పట్టుకుని ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అంది అత్తగారు.

"మీరేమంటున్నారో చెప్పమంటోంది."

"అయితే చెప్పు. నేను తిట్టినవన్నీ చెప్పు. ఒక్క మాట తగ్గించావా, ఊరుకోను."

కోడలు చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ తన తిట్లు తనే వరసగా అప్పజెప్పింది. 'హడలి చచ్చాను'కి మాట దొరక్క గుండె మీద చెయ్యి వేసుకుని చూపించింది. గొడుగావిడ మాటందించింది. గోడ దగ్గరికొచ్చేసరికి కోడలు వెనక్కి జరిగి గోడకి ఆనుకుని చూపించాల్సొచ్చింది. గొడుగావిడ చూసి, నవ్వకూడదనుకుని, నవ్వేసింది. భర్త తల పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

తర్వాత గొడుగావిడ నవ్వు ఆపి, కోడలితో గట్టిగానే నాలుగు మాటలంది. కోడలు వాటినీ తెలుగులోకి మార్చి అత్తగారికి చెప్పింది. "మంచి స్నేహితురాలిని దూరం చేసినందుకు నా మీద ఆవిడక్కూడా కోపమేనట. మీరు ఊరికి వస్తారా అని మళ్ళీ అడుగుతోంది."

"వస్తానను."

"నేను..." కోడలు ఆగింది. "మీకు తర్జుమాకి?"

"అక్కర్లేదు. నువ్వు మధ్యలో లేనన్నాళ్ళూ మేమిద్దరం బాగానే మాట్లాడుకున్నాం."

కోడలు తలూపింది. ఆ మాటా గొడుగావిడకి చెప్పింది, తగ్గించకుండా.

"మరి టికెట్ సంగతేంటమ్మా?" కొడుకు మెట్టు మీద నుంచి అడిగాడు.

"ఏ టికెట్ రా?"

గొడుగావిడ తలుపు బార్లా తీసి అందర్నీ లోపలికి రమ్మంది. అత్తగారు ముందు నడిచింది. కోడలు గడప దగ్గరే ఆగిపోయి మెల్లగా అంది, "అత్తయ్యా, మీకు నా మీద కోపం ఎప్పటికి పోతుందని అడుగుతోంది."

అత్తగారు గొడుగావిడ వైపు చూసింది. ఆవిడ వంటగదిలో కప్పులు కడుగుతోంది.

"ఆవిడ నోరే తెరవలేదు కదే," అంది అత్తగారు.

కోడలు నేల చూపులు చూసింది.

"ఊరికెళ్ళొచ్చాక చెప్తానను," అని అత్తగారు కోడలి చెయ్యి పట్టి లోపలికి లాగింది.