కోతకొట్టంలో బర్రె ఊపిరి

లక్సెట్టిపేట దాటి గోదారి వైపు పోతే ఒక పశువుల దవాఖాన. దాని వెనక తుమ్మల మధ్య ఒక రేకుల కొట్టం. చచ్చిన గొడ్డును కోసి, ఎందుకు చచ్చిందో చూసే చోటు. ఊళ్లో దాన్ని కోతకొట్టం అంటారు. పగలే అటు పోయేవాళ్లు తక్కువ. ఎనభై మూడో సంవత్సరం వానలు తగ్గాక రాత్రిళ్లు పూర్తిగా మానేశారు. లోపల బర్రె ఊపిరి తీస్తోందని... బరువుగా, ఆగి ఆగి... విన్నవాళ్లు ఒట్టేసి చెప్పేవాళ్లు.

ఎవరి బర్రెనో కూడా చెప్పేవాళ్లు. శంకరవ్వది.

దాన్ని చంపింది డాక్టర్ దేవదాస్. ఆ మాట ఊళ్లో ఎవరూ అనలేదు, ఆయనే అనుకున్నాడు. కొత్త ఉద్యోగం. కాలేజీలో అట్లాంటి ఆపరేషన్ ఒక్కటే చూశాడు, అదీ ముప్పై మంది వీపుల వెనక నిలబడి. శంకరవ్వ బర్రెకు దూడ అడ్డం తిరిగితే డొక్క కోసి తీశాడు. తీశాక గర్భసంచి అంచులు లోపలికి మడిచి కుట్టాలి. కంగారులో పైపైన కుట్టేశాడు. మూడో రోజు బర్రె పోయింది. కోతకొట్టంలో తానే కోసి చూస్తే తన కుట్టు విడిపోయి కనిపించింది.

శంకరవ్వ మొగుడు పోయిన మనిషి, ఆ పాల మీదే బతుకుతోంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. తలుపు దగ్గర నిలబడి ఆయన చేతులకేసి చూసింది, అంతే. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి సూది పట్టుకుంటే చేతులు వణుకుడు. నెల తిరక్కుండానే దేవదాస్ తేల్చుకున్నాడు, ఈ ఉద్యోగమూ వద్దు, ఈ ఊరూ వద్దని. తెల్లవారుజామున కరీంనగర్ బస్సు ఎన్నింటికని అటెండర్ కొమురెల్లిని మాత్రం అడిగాడు. ఆ రాత్రే పెట్టె సర్దుకుని బయటపడ్డాడు. ముందు దారిన పోతే ఎవరి కంటనైనా పడతాడు. వెనక దారి కోతకొట్టం పక్క నుంచే పోతుంది. అయినా అదే పట్టాడు.

తుమ్మల్లోకి రాగానే కాళ్లు ఆగిపోయాయి.

హుస్స్... కాసేపు ఏమీ లేదు... మళ్లీ హుస్స్...

బర్రె ఊపిరే. పశువుల డాక్టరుకు ఆ చప్పుడు ఇంకొకరు చెప్పాలా?

రేకుల సందులోంచి సన్నటి వెలుతురు. చూడొద్దు, చూడొద్దు అనుకుంటూనే కన్ను ఆనించాడు.

బర్రె నిలబడి ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ — అదే బర్రె. ఎడమ డొక్కలో నిలువు కోత — తను కోసిన కోతే. కళ్లున్న చోట రెండు చీకటి బొక్కలు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఒకతి మోకాళ్ల మీద కూచుని, ఆ కోతకు నోరు ఆనించి ఉంది. బర్రె డొక్క మెల్లగా పొంగుతోంది... తగ్గుతోంది.

దేవదాస్ చేతిలోంచి పెట్టె జారిపడింది.

"రాండ్రి సారు," అంది ఆమె, తల తిప్పకుండా. "మీ కోసమే చూస్తున్న."

శంకరవ్వ. దెయ్యమైతే ఎంత నయమో అనిపించింది దేవదాస్‌కు. దెయ్యానికి మొహం చూపించక్కర్లేదు.

లోపలికి పోయాక తెలిసింది. చచ్చిన తన బర్రె తోలును ఆమె కొమురెల్లి దగ్గర అడిగి తీసుకుంది. ఇద్దరూ వెదురు బద్దలతో బర్రె ఆకారం కట్టి దాని మీద తోలు పరిచారు, ఎండి బిగుసుకోకుండా రోజూ నూనె పట్టించారు. కడుపులో మేకపొట్ట పెట్టారు, మటన్ దుకాణం నుంచి తెచ్చింది. గొట్టంతో ఊదితే అది గర్భసంచి లెక్క ఉబ్బుతుంది. ఇంతకుముందున్న డాక్టరు చెయ్యి తిరగడానికి మేకపొట్టలే కుట్టేవాడని కొమురెల్లి చెప్పాడట. ఈయనా అట్లా నేర్చుకోవాలని, పగలు చేస్తే ఊరు నవ్వుతుందని పదిహేను రాత్రుల నుంచి ఇదే పని. బస్సు మాట కూడా కొమురెల్లే ఆమె చెవిన వేశాడు.

దేవదాస్ ఏడ్చాడు. పోతున్నానని, తనవల్ల కాదని, వదిలెయ్యమని చేతులు జోడించాడు. ఆమె వినిపించుకోలేదు. సూది చేతికిచ్చింది.

"ఇది సావదు సారు. ఎన్నిసార్లన్న కుట్టుండ్రి."

కుట్టాడు. ఆమె గొట్టంలో నీళ్లు పోసి కందీలు దీపం కిందికి పెట్టింది. కుట్టు పొడుగునా కారింది. ఇంకో పొట్ట పెట్టింది. అంచులు మడిచి మళ్లీ కుట్టాడు, చెమట కళ్లల్లో పడుతుంటే తుడుచుకోకుండా. ఈసారి ఒక్కచోట కారింది. మధ్యలో రెండుసార్లు ఆమె తలుపు దగ్గరికి పోయి ఊరి వైపు చెవి ఒగ్గి వచ్చింది. ఎందుకో దేవదాస్ అడగలేదు.

మూడోది కుట్టాడు. ఆమె చెంబు నిండా నీళ్లు పోసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు...

చుక్క పడలేదు.

దేవదాస్ నేల మీద కూలబడ్డాడు. పోనని, రేపట్నుంచి రోజూ వచ్చి నేర్చుకుంటానని చెప్పాడు.

"రేపు గాదు సారు." ఆమె కందీలు ఎత్తింది. అప్పుడు చూశాడు, ఆమె చెయ్యి మోచేతి దాకా ఎండిన నెత్తురు. "దాని పెద్దబిడ్డ, నా పడ్డబర్రె... పొద్దుగూకినప్పటి సంది నొప్పులు పడుతున్నది. దీనికి గూడ దూడ అడ్డం తిరిగింది. నేనే చెయ్యి పెట్టి చూసిన."

దేవదాస్ దిగ్గున లేచాడు. "ముందే ఎందుకు చెప్పలే అవ్వా?"

"చెప్తే మీరు బస్సెక్కుతుంటిరి. నడువుండ్రి... దూడ కాలు ఇంకా కదులుతున్నది."