పోయిన పిల్లకు రాయితీ

కుప్పుస్వామి ఆ ఫోనును బల్లమీద పెట్టలేదు. తుండుగుడ్డలో చుట్టి తెచ్చినదాన్ని విప్పి, అరచేతిలో ఉంచుకునే పంకజాక్షి ముందుకు చాపాడు.

"మా పిల్ల రూపశ్రీదమ్మా ఇది. పిల్ల పోయి మూడు నెల్లు దాటింది. నేను చార్జింగు మటుకు పెడతా ఉంటా, ఎందుకని అడగొద్దు. నిన్న పొద్దున ఇది మోగింది. మా యీదిలో చదివినోడొకడు అర్థం చెప్పినాడు. చెప్పి, ఫోను కింద పెట్టేసి లేసి పోయినాడు."

పంకజాక్షి చదివి మునికుమార్‌కు అందించింది. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి పట్టి, ఆ తర్వాత తిరుపతిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. ఆమె మొహాన్ని బట్టి కేసు ఎంత బరువో చెప్పగలనని ఆమె అసిస్టెంటు మునికుమార్‌కు నమ్మకం. ఇప్పుడు ఆ మొహం చూసి అతను నోట్‌బుక్కు తెరిచాడు.

ఇంగ్లీషులో ఉన్న మాటలకు అర్థం ఇంతే: "రూపశ్రీ గారూ, మీరు విద్యార్థిని అని నిర్ధారించుకున్నాం. మా డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను మరో ఏడాది విద్యార్థి రాయితీ ధరకే వాడుకోవచ్చు."

"బిడ్డ ఎట్ట పోయింది అన్నా?" అని అడిగింది పంకజాక్షి.

"నేనే సంపినానమ్మా."

మునికుమార్ పెన్ను ఆగిపోయింది.

నగరిలో కుప్పుస్వామిది సొంత పవర్‌లూమ్ షెడ్డు, ఇంటి వెనకే. ఆ రోజు కరెంటు పోయి మగ్గం నిలిచిపోయింది. బంగారుపాళ్యంలో బంధువులింట పెళ్లి ఉండడంతో భార్యాభర్తలు ఆదరాబాదరాగా బయల్దేరారు. మగ్గం స్విచ్చి ఆపడం మరిచిపోయారు. తిరుపతిలో చదువుకుంటున్న రూపశ్రీ ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. తెగిన పోగేదో ముడేద్దామని మగ్గం మీదికి వంగి ఉంటుందనీ, ఉన్నట్టుండి కరెంటు రావడంతో చున్నీ చక్రంలో పడి మెడ బిగుసుకుపోయిందనీ అందరూ తేల్చారు.

"స్విచ్చి ఆపనోన్ని నేనే. ఆ పొద్దు నుంచి మా ఆడది తిరుమలమ్మ నాతో మాట్లాడదు. కూడు పెడతాది, మాట్లాడదు. ఇప్పుడు ఇది సూస్తే..." అతను ఫోను వైపు చూశాడు. "పిల్ల యాడన్నా ఉండాదేమో అనుకోమంటారా? ఉండదని నాకు తెలుసు. దహనం చేసింది నేనే గదా. మరి ఎవురమ్మా అది?"

"బిడ్డ వస్తువులు ఏమేం చేతికొచ్చినాయి?"

"బ్యాగు, ఫోను, చెప్పులు."

"కాలేజీ కార్డు?"

కుప్పుస్వామి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేశాడు. "లేదమ్మా. అది సూడలా."

*

నగరిలో ఏ వీధికి పోయినా మగ్గాల మోత మనిషి మాటను మింగేస్తుంది. వీళ్లు కుప్పుస్వామి షెడ్డులో అడుగు పెట్టేసరికి కరెంటు పోయింది. ఊరు ఊరంతా ఒక్కసారిగా గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఎక్కడో పసిబిడ్డ ఏడుపు, గిన్నె పడిన చప్పుడు. మునికుమార్ చక్రం వైపు చూడలేకపోయాడు.

పంకజాక్షి మాత్రం గోడకున్న స్విచ్చి బోర్డు ముందు నిలబడి ఫ్యూజును వేలితో తట్టింది.

"ఆరోజు ఇది యాడుండాది?"

"పీకి ఆ గూట్లో పెట్టి ఉన్నారు," అన్నాడు కుప్పుస్వామి. "కుప్పమ్మక్క పీకి ఉంటాది. ముందుగా సూసింది ఆమే."

గోడవతల ఉండే కుప్పమ్మను పిలిపించారు. ఆమె వస్తూనే చేతులూపింది. "నేనా? కరెంటు పెట్టె ముట్టుకునే మొగమా నాది! మా ఇంట్లో లైటు ఏసేదానికే నా మనవడు కావల్ల."

"నువ్వు షెడ్డులోకి ఎందుకొచ్చినావమ్మా మరి? కేక వినిపించిందా?"

"కేకా లేదు, కూతా లేదు. కరెంటొచ్చినాక అందరి మగ్గాలూ మొదలైనాయి. వీళ్లది ఒక్కటే పలకలా. ఎప్పుడూ స్విచ్చి ఆపని మనిషే, ఈరోజు ఏమబ్బా అని తొంగి సూసినా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పుడే చెప్పినాను. గుడ్డ పడి వెంటనే ఆగిపోయి ఉంటాదిలే అత్తా అని అందరూ అనేసినారు."

పంకజాక్షి ఆ మాటను అక్కడితో వదిలేసినట్టే కనపడింది. మునికుమార్ మాత్రం నిజంగానే వదిలేశాడు. ఆ పొరపాటు తలుచుకుని తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

రూపశ్రీ పార్ట్‌టైమ్‌గా పనిచేసిన డిజైన్ సెంటరు పక్క వీధిలోనే ఉంది. యజమాని బాలచంద్ర చిత్తూరు మనిషి. నీటుగా ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. చీరల అంచులకూ కొంగులకూ కంప్యూటర్ మీద డిజైన్లు గీయించి మగ్గాల వాళ్లకు అమ్ముతాడు. అతని బల్లకు అద్దం పరిచి ఉంది. మూలనుంచి ఏటవాలుగా ఒక పగులు. అద్దం కింద ఆకుపచ్చ మామిడిపిందెల అంచు డిజైను.

"బంగారం లాంటి పిల్ల మేడమ్," అన్నాడు బాలచంద్ర. "ఆ పిల్ల పోయినాక డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆమె స్టూడెంటు అకౌంటు జోలికే పోలేదు నేను. సాఫ్ట్‌వేర్ పూర్తి ధరకు కొనేసినా."

"అంతకుముందు ఆమె పేరు మీద వాడినారు."

"ఊర్లో ఎవురు వాడటం లేదు చెప్పండి? అయినా ఒక మాట. చదువుకుంటా నా దగ్గర పని చేస్తే, ఆ పిల్ల స్టూడెంటు కాకుండా పోతాదా?"

"గీసింది ఆమె. అమ్ముకుంది ఎవరు?"

బాలచంద్ర నవ్వాడు. కళ్లు నవ్వలేదు. "మీరు భలే పాయింటు పట్టినారే."

బయటికి వచ్చాక మునికుమార్ అన్నాడు, "మేడమ్, కుప్పుస్వామి లాంటివాడు ఈ వయసులో డిజైను నేర్చుకుంటానంటే కంపెనీ రాయితీ ఇవ్వదు, స్టూడెంటు కాదంటుంది. ప్రాణంలేని పిల్లకేమో ఇస్తుంది."

"కంపెనీకి మనిషి కనపడడయ్యా. కార్డు కనపడుతుంది," అంది పంకజాక్షి. "మనం కూడా ఆ కార్డునే వెతుకుదాం."

*

రూపశ్రీ స్నేహితురాలు మోహన పుత్తూరులో దొరికింది. ఏడ్చి ఏడ్చి చెప్పింది. "ఆరోజు పొద్దునే మాకు ఈ చదువుల సంవత్సరానికి కొత్త కాలేజీ కార్డులిచ్చినారక్కా. ఇద్దరం ఒకే బస్సెక్కినాము. కార్డు మెడలో ఏసుకుని, ఫొటోలో కోతిలా ఉన్నాను చూడవే అనింది. బస్సులోనించే బాలచంద్ర సారుకు ఫోను చేసింది, నా అకౌంటు ఈరోజే మూసేస్తాను అని. నేను పుత్తూరులో దిగిపోతిని. దిగిపోకుండా ఉండాల్సింది."

కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఇమ్మానుయేల్ తలెత్తలేకపోయాడు. "కార్డు ఇచ్చింది నేనే మేడమ్. కంపెనీవాళ్లు ఆరా తీస్తా ఉండారు, వ్యాపారానికి వాడినట్టు తేలితే నీ సర్టిఫికెట్టుకు చిక్కొస్తాది తల్లీ, మూసేయమని చెప్పింది కూడా నేనే. మంచికే చెప్పినాను."

"ఆమె కాలేజీ మెయిలు ఇంకా తెరిచే ఉందా?"

"మూసేదానికి మనసు రాలేదు."

ప్రిన్సిపాల్ అనుమతితో అతను దాన్ని తెరిచాడు. ఈ మధ్యనే పంపిన రెన్యువల్ దరఖాస్తు ఉంది. రుజువు కింద కాలేజీ కార్డు ఫొటో జతచేసి ఉంది. రూపశ్రీ నవ్వు ఆపుకుంటున్నట్టు చూస్తోంది. కార్డు చుట్టూ ఏదో ఆకుపచ్చ రంగు, దాని మీదుగా ఏటవాలుగా ఒక తెల్లని గీత.

"ఇది ఏ సంవత్సరం కార్డు?"

"కొత్తదే మేడమ్. ఆ పొద్దు నేను చేతికిచ్చిందే. ఇంకో కాపీ లేదు."

పంకజాక్షి ఫొటో ప్రింటు తీసుకుని మడిచింది. "మునికుమార్, నగరి ఎస్సైకి ఫోను కలుపు."

*

మరుసటి మధ్యాహ్నం మోహన, కుప్పమ్మ, బాలచంద్రతో సహా అందరూ కుప్పుస్వామి షెడ్డులో చేరారు. ఎస్సై గుమ్మంలో నిలబడ్డాడు. తిరుమలమ్మ ఇంటివైపు తలుపు పట్టుకుని, భర్త వైపు చూడకుండా నిలుచుంది. చుట్టుపక్కల మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. పంకజాక్షి గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

"ముందు ఫ్యూజు సంగతి. ఇది పీకింది కుప్పమ్మ అని అన్న అనుకున్నాడు. అన్న వచ్చి పీకినాడని ఆమె అనుకుంది. ఇద్దరూ పీకలేదు. స్విచ్చి ఆన్‌లోనే ఉంది. అయినా కరెంటొచ్చినప్పుడు ఈ మగ్గం ఒక్కటే పలకలేదు, ఎందుకంటే ఫ్యూజు అంతకుముందే గూట్లో ఉంది. ఆరోజు ఈ చక్రం తిరగలేదు కుప్పుస్వామన్నా. తిరగని చక్రం ఎవరినీ చంపదు."

కుప్పుస్వామి గూటి వైపు తిరిగి చూశాడు.

"ఊరంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒక మనిషి బిడ్డ వెంట ఇక్కడికి వచ్చినాడు. అకౌంటు మూయొద్దని బతిమాలినాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఆమె చున్నీతోనే మెడ బిగించినాడు. ప్రమాదంలా కనపడాలని చున్నీని చక్రానికి చేత్తో చుట్టాలి. చుట్టేటప్పుడు కరెంటొస్తే తన చేతులే పోతాయి. అందుకని ఫ్యూజు పీకి పెట్టుకున్నాడు. మళ్లీ తగిలించడం మరిచిపోయినాడు."

పంకజాక్షి ఒకసారి మోహన వైపు చూసింది.

"అకౌంటు గడువు దగ్గరపడింది. మళ్లీ రాయితీ దొరకాలంటే కొత్త కార్డు కావాలి. అది బిడ్డ మెడలోనే ఉంది. చుట్టిన చేతులతోనే తీసుకున్నాడు. కొత్త కార్డు బస్సులో ఆమె మెడలో ఉంది, శవం మీద లేదు. కాబట్టి నిన్నమొన్న ఆ కార్డును ఫొటో తీసినవాడే ఆరోజు ఇక్కడున్నాడు." ఆమె ప్రింటు విప్పింది. "కార్డు కింద మామిడిపిందెల అంచు. దానిమీద అద్దం పగులు. బాలచంద్ర గారూ, మీ బల్లను ఎస్సై గారి మనుషులు పొద్దున్నే చూసినారు. సొరుగులో కార్డు కూడా దొరికింది."

బాలచంద్ర మొహంలో నెత్తురు లేదు. మగ్గం అంచు పట్టుకున్నాడు.

"దాని పేరు మీద గీసిన డిజైన్లన్నీ ఆ అకౌంటులోనే ఉండాయి. మూసేస్తే ఒక్కటీ తెరుచుకోదు. మద్రాసు షాపుల ఆర్డర్లు పోతాయి, ఇన్నాళ్లు వాడినదానికీ కలిపి పూర్తి ధర నా నెత్తిన పడతాది. వద్దంటే వినలా. చంపల్లని రాలేదు నేను."

కుప్పుస్వామి మెల్లగా అతని ముందుకు నడిచాడు. ఎస్సై కదలబోతే పంకజాక్షి చెయ్యెత్తి ఆపింది.

"పూర్తి ధర నాకు చెప్పకపోతివే అప్పా," అన్నాడు కుప్పుస్వామి. అతని గొంతులో కోపం లేదు, అదే వినడానికి భయంగా ఉంది. "ఈ మగ్గం అమ్మి ఇచ్చి ఉందును."

బాలచంద్ర ఎవరివైపూ చూడలేదు. ఎస్సై అతని భుజం మీద చెయ్యేశాడు.

వాళ్లు వెళ్లిపోయాక కుప్పుస్వామి నేలమీద కూలబడ్డాడు. మునికుమార్ దగ్గరికి పోబోయాడు. తలుపు దగ్గర తిరుమలమ్మ కదలడం చూసి ఆగిపోయాడు. ఆమె వచ్చి భర్తకు ఎదురుగా కూర్చుంది. చాలాకాలం వాడని గొంతు కీచుగా వచ్చింది.

"నీ మీద కోపం కాదు నాకు. స్విచ్చి ఆపేసి వస్తానని నువ్వు వెనక్కి తిరిగినావు. బస్సు పోతాదని చెయ్యి పట్టి లాగింది నేను. నోరు తెరిస్తే అది యాడ బయటికొస్తాదో అని మాట్లాడలా."

కుప్పుస్వామి తుండుగుడ్డ తీసి ఆమెకు అందించాడు.

"నాకు గెవనం లేదే," అన్నాడు. "నువ్వు లాగినట్టు నాకు గుర్తే లేదు."

పంకజాక్షి మునికుమార్ మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.