వంటింటి వైపు తలుపు

పొద్దున్నే మాధవీలత పెనం మీద రెండు గుడ్లు కొట్టింది. ఒకదాని సొన పాలిపోయిన పసుపు. రెండోది పండు మిరపకాయ రంగు. ఏది ఎవరి కోడి పెట్టిందో ఆ ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. పాలిపోయింది లత కోడిది. ఎర్రటిది ఆడబిడ్డ పున్నమ్మ కోడిది.

"ఆ ఎర్రది నాకెయ్యి," అన్నాడు కోటి పీట మీద కూర్చుంటూ. "అక్క కోళ్ళ గుడ్డు రుచే వేరు."

లత ఆ ఎర్రదాన్ని అట్లకాడతో చితకపొడిచి, బాగా మాడ్చి మొగుడి కంచంలో వేసింది. కోటి కిక్కురుమనకుండా తినేసి, చెయ్యి కడుక్కుని పొలానికి వెళ్ళిపోయాడు. మాడిందని ఒక్క మాట అన్నా ఆమెకు కాస్త చల్లబడేది.

నిజానికి గుడ్డు ఒక సాకు. అసలు మంట గూడు గురించి.

దర్శి పక్కనున్న ఈ ఊరికి కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ లత కోళ్ళు పెంచుతూనే ఉంది. చీకటి పడితే వాటిని గంప కింద మూసి, పైన రాయి పెట్టాలి. రాయి కాస్త జరిగిందా, తెల్లారేసరికి పెరట్లో ఈకలే. ఆ ఊళ్ళో గండుపిల్లిని మేపింది ఎవరయ్యా అంటే మాధవీలతే. ఒక్క గూడు కట్టమని అడిగినప్పుడల్లా కోటి "పత్తి అమ్మాక చూద్దాం" అనేవాడు. పత్తిని పురుగు తినేసింది. మిరప వేశాక "కాయ కోశాక చూద్దాం" అన్నాడు. కోళ్ళకు మేడలు కట్టిన వాళ్ళెవరూ బాగుపడలేదని నవ్వేవాడు కూడా.

ఈ మాఘమాసంలో పున్నమ్మ వచ్చింది. భర్త పోయాక ఆవిడ చీరాలలో కొడుకు దగ్గర ఉండేది. ఆ అబ్బాయి మరమగ్గాల్లో పని చేస్తూ ఒంటి గదిలో అద్దెకుంటాడు. అక్కడ మనుషులకే చోటు లేదు, కోళ్ళకెక్కడిది? అందుకని నాలుగు పెట్టల్ని గంపలో వేసుకుని బస్సెక్కి తమ్ముడింటికి వచ్చేసింది. ఆవిడ వచ్చిన వారం తిరక్కుండానే కోటి, చేలో కూలిపోయిన, పొగాకు కాల్చే బ్యారన్ కొట్టు ఇటుకలు బండికెత్తుకొచ్చాడు. రెండు అరలు, పైన రేకు, ఇనప జాలీ తలుపు, గట్టి గడియ. అంతా అయ్యాక "అక్కా, వచ్చి చూడు ఎట్టా కుదిరిందో" అని కేకేశాడు. పెళ్ళాన్ని కాదు, అక్కను.

పైగా ఆ తలుపు సరిగ్గా వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టాడు. పొయ్యి ముందు కూర్చున్నంతసేపూ లత దాన్ని చూడక తప్పదు.

"ఒక అర ఖాళీగానే ఉందమ్మాయ్, నీ కోళ్ళని కూడా అందులో మూయరాదా?" అని పున్నమ్మ చాలాసార్లు అడిగింది.

"మా కోళ్ళకి గంపే అలవాటు వదినా," అని లత ముఖం తిప్పుకునేది. ఒకరి కోసం కట్టిన గూట్లో తన కోళ్ళు తలదాచుకోవాలా అని ఆమెకు ఉక్రోషం.

ఆ మధ్యాహ్నం పున్నమ్మ మిరప ఎండబెట్టిన కళ్ళం దగ్గరికి కాపలాకి వెళ్ళింది. ఇల్లు ఖాళీ. వసారాలో కాయలు బస్తాలకెత్తాక ఊడ్చిపెట్టిన మిరపగింజలు, తొడిమలు, ఎర్రటి దుమ్ము కుప్పగా ఉన్నాయి. లత వాటినే కాసేపు చూసింది. ఈ ఘాటు గూట్లో చల్లితే మహారాణులు మళ్ళీ ఆ గడప తొక్కుతారా? ఒక్క పూటలో గూడు పాడుబడదూ?

చేటకెత్తి, వంగి, తల లోపల పెట్టి, గడ్డి మీద, మూలల్లో, అంతటా చల్లింది. చల్లుతుంటేనే తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళు చింతనిప్పులయ్యాయి. చేతులు భగ్గుమన్నాయి. అయినా సంతోషంగానే వేపచెట్టు చాటుకు వెళ్ళి నిలబడింది.

పెట్టలు ఒక్కొక్కటే వచ్చాయి. లోపలికి తొంగి చూశాయి. తర్వాత నాలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరి, ఆ గింజల్ని టకటకా ఏరుకు తిన్నాయి. ఒక్కదానికీ ఘాటు తగల్లేదు. ఎర్రపెట్ట అయితే కడుపు నిండా తిని, ఆ గడ్డిలోనే సర్దుకు కూర్చుని గుడ్డు పెట్టింది.

లత ఇంకా తుమ్ముతూనే ఉంది. ఇంతలో పున్నమ్మ మంచినీళ్ళ కోసం ఇంటికొచ్చింది. గూడు చూసింది, చేట చూసింది, మరదలి కళ్ళు చూసింది. ఆవిడ ముఖం విప్పారింది.

"గింజలు నువ్వేశావా? వీటికి మిరపగింజలంటే ప్రాణమని నీకెట్టా తెలుసు? కళ్ళంలో ఇవే ఏరుకు తింటయ్యి. అందుకే సొన అంత ఎర్రగా ఉండేది. ఘాటని నీ కోళ్ళని నువ్వు కళ్ళం వైపు రానీవుగానీ, కోళ్ళకి కారం తెలియదమ్మా." చేతులు పట్టుకుని చూసింది. "అయ్యో, ఎట్టా కందిపోయినయ్యో చూడు. ఉండు, మీగడ తెస్తా."

అరుగు మీద కూర్చోబెట్టి, వేలు వేలుకీ మీగడ రాయడం మొదలుపెట్టింది. ఆ ప్రేమ లత భరించలేకపోయింది. తిట్టినా బాగుండేది.

"ప్రేమతో వెయ్యలేదు నేను," అంది చేతులు లాక్కుని. "మంటెత్తి మీ కోళ్ళు పారిపోవాలని వేశా. కాపరానికొచ్చిన కాడి నుంచీ ఆయన్ని గూడు అడుగుతున్నా. నాకు ఒక్క ఇటుక పేర్చలేదు. మీరు గడపలో కాలు పెట్టంగానే మేడ కట్టాడు. ఈ ఇంట్లో నా మాటకి విలువేంది? రోజూ నా కళ్ళెదురుగా ఆ తలుపొకటి."

పున్నమ్మ మళ్ళీ ఆ చెయ్యి తీసుకుని, మిగిలిన రెండు వేళ్ళకీ మీగడ రాసి, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు లత లేచేసరికి పున్నమ్మ పెరట్లో కూర్చుని పాత చీర పేలికలతో పెట్టల కాళ్ళు కడుతోంది. పక్కన గంప, బట్టల సంచి.

"ఎక్కడికక్కా?" అన్నాడు కోటి పళ్ళు తోముకుంటున్నవాడల్లా ఆగి.

"చీరాల. పొద్దుటి బస్సుకి పోతా."

"మరి కోళ్ళు?"

"బస్టాండులో ఎవరికైనా ఇచ్చేస్తాలే."

లత గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కోళ్ళు పారిపోవాలనే గదా తను కోరుకుంది. తీరా పోతుంటే ఇదేమిటి?

"ఇచ్చేదానికేనా నాచేత గూడు కట్టించింది?" కోటి గట్టిగానే అన్నాడు. "వచ్చిన రోజే నన్ను దులిపేశావు గదా. నీ పెళ్ళాం రోజూ రాళ్ళెత్తి గంప మీద పెడతంటే నీకు కళ్ళు కనపడటంలా అని."

"ఒరేయ్ కోటీ, నువ్వు ఊరుకో."

"ఎందుకూరుకుంటా? పాపం లత పొయ్యి కాడి నుంచే కోళ్ళని చూసుకుంటదని, తలుపు వంటింటి వైపు పెట్టమని దగ్గరుండి పెట్టించింది ఎవరు?"

లత మొగుడి వైపు తిరిగింది. "నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది," అని కోటి అక్క వైపు చూపించాడు.

పున్నమ్మ తలెత్తలేదు. "ఆడబిడ్డ చెప్తేగానీ మొగుడు కట్టలేదని తెలిస్తే నీ మనసు కష్టపడుద్దనుకున్నా. వాడే నీ కోసం కట్టాడనుకోవాలని అట్టా చేశా. ఈ మొద్దేమో ముందుగా నన్ను పిలిచాడు. నువ్వు వేరేగా అనుకున్నావు. తప్పు నాదేలే అమ్మాయ్."

లత ఏడ్చింది. దాచుకోకుండా, పైట నోట్లో కుక్కుకోకుండా ఏడ్చింది. తను కుళ్ళిపోయిన రోజులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. కాసేపటికి లోపలికి వెళ్ళి కత్తిపీట తెచ్చి పున్నమ్మ ముందు కూర్చుంది. ఎర్రపెట్టని ఒళ్ళోకి తీసుకుని, కాళ్ళకున్న పేలిక తెంచింది. తెంచిన దాన్ని మళ్ళీ ముక్కలు ముక్కలుగా కోసింది.

"పేలికలు కోయమాకే," అంది పున్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ముడి విప్పితే పోలా? మళ్ళీ పనికొస్తయ్యి."

"పనికి రాకూడదనే కోస్తన్నా వదినా," అంది లత, రెండో పెట్టని ఒళ్ళోకి తీసుకుంటూ.