మూడో దెబ్బ

ఆ వసతిగృహంలో నాలుగో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

తలుపుకు ఎప్పుడూ తాళం. లోపల ఎవరూ ఉండరు. అయినా రాత్రివేళ లోపలి నుంచి ఎవరో తలుపు కొడతారని చెప్పుకునేవారు. అది అందరికీ వినబడదట. సెలవులకు ఇంటికి పోయి తిరిగి వచ్చినవాళ్లకు మాత్రమే వినబడుతుందట. విన్నా బదులు పలకకూడదు. పలికినవాళ్లకు ఇక ఇల్లు ఇల్లుగా మిగలదు...

బిష్కెక్ నగరంలో వైద్యం చదువుకునే మన పిల్లలు ఆ తలుపు ముందు నుంచి పోవలసి వస్తే మాట ఆపి నడిచేవారు.

ఈ సంగతి నాకు చెప్పింది సుహానా. వనపర్తి అమ్మాయి, ఇప్పుడు డాక్టరు. దెయ్యాలను నమ్మే మనిషి కాదు. చెబుతున్నంతసేపూ ఆమె గొంతులో నాకు భయం వినబడలేదు. కోపం వినబడింది. ఆ కోపం ఆమె ఒక్కతెదే కాదు కనుక ఇది రాస్తున్నాను.

అది 2007. ఆ యేడు సెలవులకు సుహానా ఇంటికి పోలేదు. ఆమె గదిలోనే ఉండే రోహిణి పోయి వచ్చింది. రోహిణిది గద్వాల. ఇంట్లో గుంట మగ్గాలు. తండ్రి కురుమూర్తి, అన్న నరేందర్ పక్కపక్క గుంటల్లో కూర్చుని చీరలు నేసేవారు. ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే నిద్రపోయి పెరిగిన పిల్ల.

సెప్టెంబరులో తిరిగి వచ్చింది. తిరిగి వచ్చాక మొదటి దినాలు ఎవరికైనా కష్టమే. బట్టల సంచి విప్పబుద్ధి కాదు. విప్పితే ఇంటి వాసన పోతుంది. నిరుడంతా అర్థమైన రష్యన్ మాటలు మళ్లీ కొత్తగా, కటువుగా వినబడతాయి. రోహిణి ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెను పెళుసెక్కినా పారేయక, పప్పుపొడి అద్దుకుని తినేది. తింటూ అన్న మాటలే చెప్పేది.

“చేరంగనే ఫోన్ జెయ్యమన్నడు. నేను సల్లగ చేరితే బీచుపల్లి ఆంజనేయునికి టెంకాయ కొడ్తనని మొక్కిండంట. జల్ది చెయ్యి, దేవుణ్ణి ఎన్ని దినాలు ఎదురు సూడనిస్తవు అన్నడు.”

“చేసినవా?”

“విమానం దిగంగనే.”

వారం గడిచిందో లేదో — ఒక రాత్రి రోహిణి మంచం మీద లేచి కూర్చుంది.

“సుహానా... ఇనొస్తుందా?”

“ఏంది?”

“మగ్గం.”

సుహానా చెవి ఒగ్గింది. కిటికీకి తగులుతున్న గాలి తప్ప ఏమీ లేదు.

“ఇంటి బెంగ నీకు. పండు జర.”

“బెంగ గాదే. రెండు దెబ్బలు గట్టిగ... ఒకటి మెల్లగ. మా అన్న నేత అది.”

ఏ నేతగాడి చెయ్యి వాడిదే. కురుమూర్తి నాడెతో పోగు దాటించి, దాన్ని బిగించే అచ్చును ఒకే ఒక్క దెబ్బ కొడతాడు. నరేందర్ రెండు కొట్టి, చిన్నగా ఆగి, మూడోది వేలితో తట్టినంత మెల్లగా వేస్తాడు. ఆ మూడో దెబ్బతో చీరకు పని లేదు. అది వట్టి అలవాటు. “ఎవల తలుపు కొడుతున్నవ్‌రా?” అని తండ్రి ఎగతాళి చేస్తే, “పోగు నిద్రపోయింది నాయినా, లేపుతున్న,” అనేవాడట.

“యాడికెళ్లి వస్తుంది?” అంది సుహానా.

రోహిణి నడవా చివరికి చెయ్యి చూపింది. అదే అంతస్తులోని, తాళం వేసిన ఆ గది వైపు.

“జవాబియ్యకు,” సుహానా గుసగుసగా అంది. “నీకు దండం పెడ్త... జవాబియ్యకు.”

మరునాడు సుహానాయే కాపలా ముసలమ్మను బతిమాలి తాళం తీయించింది. లోపల పరుపు లేని ఇనుప మంచం, దుమ్ము, గోడ వెంట వేడినీళ్ల గొట్టం. ముసలమ్మ గొట్టాన్ని అరచేత్తో చరిచింది. నీళ్లలో గాలి చేరితే ఇది కొట్టుకుంటుంది, అంది. రోజూ కొట్టుకుంటుంది, నిద్ర పట్టనివాళ్లే వింటారు, ఇంటి నుంచి వచ్చినవాళ్లకు నిద్ర పట్టదు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

సుహానా నవ్వేసింది. రోహిణి కూడా నవ్వింది.

ఆ రాత్రి మళ్లీ వినబడింది. ఆ తర్వాతి రాత్రీ...

ఇంటికి ఫోన్ చేస్తే తల్లి కౌసల్యమ్మ ఎత్తేది.

“అన్నకియ్యే అమ్మా.”

“మగ్గం మీదున్నడు బిడ్డా. గుంతల దిగినోడు నడుమ లేస్తడా? ఇను, చప్పుడిను.”

చప్పుడు వినబడేది. బతికి ఉన్న ఇంటి చప్పుడు. మొదటిసారి ఆ చప్పుడుకే రోహిణి ప్రాణం కుదుటపడింది, దెబ్బలు లెక్కపెట్టలేదు. రెండోసారీ అదే మాట, అదే చప్పుడు. గద్వాలలోని చిన్ననాటి స్నేహితురాలిని అడిగితే — అందరూ మంచిగున్నరు. మేనమామ — అందరూ మంచిగున్నరు. అన్న పుట్టినరోజుకని రోహిణి బజారులో ఉన్ని టోపీ కొన్నది. పాలమూరు ఎండలో ఉన్ని టోపీ ఎవరు పెట్టుకుంటారని సుహానా వెక్కిరిస్తే, “గుంతల సల్లగుంటదిలే, పెట్టుకుంటడు,” అంది.

అక్టోబరు వచ్చింది. ఒక సాయంత్రం తల్లి మళ్లీ “ఇను” అన్నప్పుడు రోహిణి ఫోన్ స్పీకరు పెట్టింది. పెదవుల మీద వేలు పెట్టుకుని సుహానాను దగ్గరికి పిలిచింది.

ఒక దెబ్బ. నాడె జారిన సవ్వడి. మళ్లీ ఒక దెబ్బ.

రోహిణి ముఖం సుహానా కళ్ల ముందే మారిపోయింది.

“అమ్మా... మగ్గం మీద నాయిన ఉన్నడు.”

“లేదు బిడ్డా, అన్ననే—”

“మూడో దెబ్బేది?”

అవతల మగ్గం ఆగింది.

“అన్ననైతే కొట్టమను. రెండు గట్టిగ... ఒకటి మెల్లగ. కొట్టమనవే!”

కౌసల్యమ్మ ఆ మాట గుంటలోకి అందించింది. తర్వాత దూరంగా — ఒకటి.

రెండు.

మూడోది రాలేదు. గుంటలో నుంచి ఒక మగమనిషి ఏడుపు వచ్చింది.

“ఎప్పుడు?” అంది రోహిణి.

“నువ్వు చేరినవని ఫోన్ జేసినవ్ గద... మొక్కు తీర్సనీకె బీచుపల్లికి పోయిండు బిడ్డా. టెంకాయ కొట్టి మళ్లొస్తుంటె... లారీ...”

“దినాలయినయా?”

“...అయినయి.”

ఆ పిల్ల ఏడుస్తుందని సుహానా చెయ్యి పట్టుకుంది. రోహిణి ఏడవలేదు. ఆమె గొంతు ఇంకా కిందికి దిగింది.

“మైలల మగ్గం నేసిండ్రా?”

సుహానాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఇంట్లో చావు జరిగితే, దినాలు ముగిసేదాకా ఆ ఇంట మగ్గం గుంటలో కాలు పెట్టరు. తాతల నాటి కట్టడి. కొడుకును కాల్చి వచ్చిన తండ్రి, ఆ కట్టడి తప్పి గుంటలోకి దిగాడు — కూతురు ఫోన్ చేస్తే వినిపించడానికి.

“నీ సదువు కరాబైతదని, బిడ్డా... పరీక్షలున్నయి, చెప్పొద్దని పెద్దమనుషులు గూడ అన్నరు...”

“సచ్చింది పెద్దమనుషుల అన్ననా? నా అన్ననా?” రోహిణి పళ్ల బిగువున అంది. “వాడు బూడిదైనంక నేను గీడ వానికి టోపీ కొంటున్ననే. రంగు మంచిగుందా అని నవ్వుకుంట అడుగుతున్న. వీధి వీధంత తెలుసు. నాకొక్కదానికి తెల్వదు. మొఖం సూడనియ్యలే. పిడికెడు బియ్యం నోట్ల పొయ్యనియ్యలే. ఆకరికి ఏడుసుడు గూడ మీరు దాసుకున్నరు. ఏ సదువు కోసం? దినాం సచ్చినోళ్ల మొఖాలు సూపిచ్చే ఈ డాక్టరు సదువేనా?”

“బిడ్డా, నీ మంచికే—”

“నా మంచి మీ నోట్ల ఇంకోసారి రానియ్యకుండ్రి.”

ఫోన్ పెట్టేసింది.

దూరదేశంలో చదివే పిల్లలకు చావు కబురు చెప్పకపోవడం మన ఊళ్లలో ప్రేమగా చెల్లుబాటవుతుంది. ఊరంతా ఒక్క మాట మీద నిలబడుతుంది. ఎన్నడూ ఏ మంచి పనికీ అలా నిలబడని ఊరు! దుఃఖాన్ని వాయిదా వేశామనుకుంటారు. వాయిదా వేయరు. దొంగిలిస్తారు. అంత్యక్రియలు ఒక్కసారే జరుగుతాయి. పరీక్ష మళ్లీ రాయవచ్చు.

ఆ రోజు ఉదయం నుంచి భవనమంతటా నీళ్లు ఆపేశారు. చలికాలం రాకముందు గొట్టాలు బాగుచేయాలని ఖాళీ చేశారు. కుళాయి తిప్పితే చుక్క రాదు. గొట్టం ముట్టుకుంటే మంచు.

నడిరేయి రోహిణి మంచం దిగింది. చెప్పులు వేసుకోలేదు. సుహానా వెనకాలే నడిచింది.

నడవాలో ఒక్కటే దీపం. దాని వెలుగు చివరిదాకా చేరదు...

చివరి గది ముందు రోహిణి నిలబడింది. తలుపుకు చెవి ఆనించింది.

“ఇనొస్తుందా?” అంది, వెనక్కి తిరగకుండానే.

“లేదు,” అంది సుహానా. నిజంగానే ఆమెకు ఏమీ వినబడటం లేదు. “రోహిణీ... గొట్టాల్ల నీళ్లు గూడ లేవు. పా, పోదాం.”

“ఇన్ని దినాల నుంచి వాడొక్కడే నాకు అబద్ధం చెప్పలే,” అంది రోహిణి. “బతికున్నోళ్లు ఒక్కరు చెప్పలే. వాడొచ్చి చెప్పిండు. రోజొచ్చి చెప్పిండు. నేనేమో గొట్టమనుకున్న.”

“జవాబియ్యకు... నీ కాళ్లు మొక్కుత...”

రోహిణి పిలవలేదు. మాట్లాడలేదు. పిడికిలి బిగించి, ఆ ఇంటి మీద, ఆ వీధి మీద, ఆ పెద్దమనుషుల మీద ఉన్న కోపమంతా చేతిలోకి తెచ్చుకుని తలుపును కొట్టింది.

ఒకటి.

రెండు.

మూడోది కొట్టలేదు. చెయ్యి గాలిలోనే ఆపింది. నడవా అంతా నిశ్శబ్దం. ఆ యేడు ఇంటికి పోని సుహానా, ఆ చప్పుడు వినబడటానికి ఏ కారణమూ లేని సుహానా, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

తాళం వేసిన తలుపు అవతలి నుంచి — వేలితో తట్టినంత మెల్లగా —

మూడోది వినబడింది.

ఇద్దరికీ.