దుబెం తొలి పన్ను

"దారం రీలు పిల్లాడి నోట్లో పెడతారా ఎవరైనా? అది నీ కుట్టుమిషన్ కాదు, మా దుబెం నోరు."

ఎదురు కొట్టు దర్జీ ఎమెనికెతో ఉజోమా మాట్లాడిన మొదటి మాట అది. దుబెం ఆమె అక్క కొడుకు, ఏడో నెల. అక్క నర్సు శిక్షణకు ఎనుగు పట్నం వెళ్ళింది. ఉజోమా, ఆమె తల్లి వాణ్ణి చూసుకుంటున్నారు. చిగుళ్ళు దురదపెట్టి వాడు దొరికిందల్లా కొరికేవాడు. ఎమెనికె జాలిపడి చేతిలో ఉన్న రీలు ఇచ్చాడు, తిట్లు తిన్నాడు.

మర్నాడు మెత్తటి గుడ్డముక్కలతో రెండు చొంగగుడ్డలు కుట్టి తెచ్చాడు. ముందు చేతులు కడుక్కోమంది ఉజోమా. కడుక్కున్నాడు. శుభ్రమైన తడిగుడ్డ వేలికి చుట్టి చిగుళ్ళు ఎలా తుడవాలో చూపించింది. అప్పటినుంచి రోజూ ఒక చొంగగుడ్డ వచ్చేది. వాడికున్నది ఒక్క గడ్డమేనని ఆమె వెక్కిరించినా అతను ఆపలేదు.

ఒక ఆదివారం ఉజోమా తుడుస్తుంటే కింది చిగుళ్ళలో గరుగ్గా తగిలింది. పన్ను.

వాళ్ళ ఆచారం ప్రకారం తొలి పన్ను ముందు చూసినవాళ్ళు బిడ్డకు కోడిపెట్టను తేవాలి, ఆ ఇంట్లో అందరితో కూర్చుని భోంచెయ్యాలి. ఆ శనివారమే ఎమెనికె అబా పట్నం వెళ్ళిపోతున్నాడు. అక్కడ కొత్త కొట్టు. ఇన్నాళ్ళూ గుడ్డలు ఇచ్చాడే గాని మాట ఇవ్వలేదు. ఆ భోజనానికి వచ్చి అమ్మ ఎదుట కూర్చుంటేనైనా నోరు విప్పుతాడని, పన్ను అతనే ముందు చూడాలని, ఉజోమా ఆ సంగతి దాచిపెట్టింది.

అతను వచ్చినప్పుడల్లా దుబెంకు చక్కిలిగిలి పెట్టేది. వాడు నోరంతా తెరిచి నవ్వేవాడు. ఎమెనికె మాత్రం ఉజోమా నవ్వునే చూసేవాడు.

శుక్రవారం సాయంత్రం వాన పట్టుకుంది. ఎమెనికె ఆఖరి చొంగగుడ్డ ఆమె చేతిలో పెట్టి, వెళ్ళొస్తానన్నాడు. ఉజోమా తల వంచుకుంది. దుబెంకు జావ తాగిస్తున్న తల్లి చెంచా ఆపింది.

"దర్జీ, చేతులు కడుక్కుని వాడి నోట్లో వేలు పెట్టు."

పెట్టాడు. దుబెం కొరికాడు. ఎమెనికె ముఖం వెలిగిపోయింది.

"ఆదివారం నుంచీ ఈ చెంచా టిక్కుమంటోంది" అంది తల్లి. "నాకు కళ్ళు మసకే గాని చెవులు బాగానే ఉన్నాయి. మా పిల్ల ఎవరికోసం దాస్తోందో చూద్దామని ఊరుకున్నాను. నీ కళ్ళు నాకంటే మసక."

ఉజోమా ముఖం దుబెం పొట్టలో దాచుకుంది.

కోడిని రేపే తెస్తానని ఎమెనికె బయలుదేరాడు. వానలోకి దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. "మరి ఉజోమాను ఇమ్మని అడగాలంటే ఏం తేవాలి?"

తల్లి కూతురి వైపు చూసింది. ఉజోమా తల ఎత్తి, ఊపింది.

"దానికి కోడి చాలదు. మీ నాన్నను తీసుకురా, కల్లుకుండతో."

"రేపే వస్తాం. అబాకు బస్సు సోమవారం కూడా ఉంది, అత్తా."

ఆ పిలుపుకు ముందుగా నవ్వింది దుబెం. ఈసారి ఆ ఒక్క పన్నూ ఎమెనికెకు కూడా కనిపించింది.