ఎర్ర లైటు వెలగని బండి

"బ్యాటరీ మార్చమని మాత్రం చెప్పకు," అంది రుచిత, పికప్ బండిలోంచి దిగకుండానే.

నవీన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేనింకా నోరు తెరవలేదండి."

"తెరుస్తే గదే అంటవ్. కోహీర్‌ల గిట్లనే చెప్పిన్రు. కొత్త బ్యాటరీ ఏసిన. అది గూడ పండుకున్నది."

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన నవీన్‌ది వాహనాల కరెంటు పని చేసే షాపు. ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చాడు. నవీన్ ఇక్కడే పెరిగినా ఇంట్లో నేర్చిన "అండి" మాత్రం నాలుకను వదల్లేదు.

బండి రుచిత నాన్న రామ్‌కిషన్‌ది. కోహీర్ చుట్టుపక్కల పొలాల అల్లం, ఆలుగడ్డ అందులోనే జహీరాబాద్ మార్కెట్‌కు చేరేవి. పోయిన చలికాలంలో ఆయన పోయాడు. స్టీరింగ్ రుచిత పట్టుకుంది. అమ్మేద్దామని ఆమె చిన్నాయన మదన్‌మోహన్ పట్టుబట్టాడు. ఆమె ఒప్పుకోలేదు. అప్పటి నుంచి బండి కూడా ఆమెతో పేచీ పెట్టుకుంది. మార్కెట్ నడిబొడ్డున నలుగురు తోస్తే గాని కదలలేదు.

"రేపు బండి కొనేటాయన వస్తుండు," అంది రుచిత. "ఆయన ముంగట సెల్ఫ్ మీద స్టార్ట్ గావాలె. అయితే బండి నాకే ఉంటది, గాకుంటే తాళం చిన్నాయిన చేతుల పెట్టాలె. గది మా ఒప్పందం."

"పెడతారా?"

"నిన్నెందుకు నమ్మి వచ్చిన మరి?"

నవీన్ తల వంచుకుని బానెట్ ఎత్తాడు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీకి మీటర్ పెట్టి చూశాడు. "పద్నాలుగు వోల్టుల దాకా రావాలండి. పన్నెండు దాటట్లేదు. బ్యాటరీ తప్పు కాదు, దానికి తిండి పెట్టేవాళ్లు లేరు."

వదులుగా ఉన్న బెల్టు బిగించాడు. మార్పు లేదు. డైనమో విప్పి బల్ల మీద తిప్పి చూశాడు. బాగానే ఉంది. మళ్లీ బిగించి, షాపు బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయించాడు. మళ్లీ పన్నెండే.

"బెల్టు మంచిగుంది, డైనమో మంచిగుంది," అంది రుచిత. "ఎలక్ట్రీషన్ సాబే జర తేడా ఉన్నడు."

అంతలో వాన దబదబా కురిసింది. నవీన్ పరుగున వచ్చి క్యాబిన్ తలుపు దగ్గర ఆగాడు. ఖాళీ సీటు వైపు చూసి, ఎక్కకుండా తడుస్తూనే అడిగాడు. "డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ ఎర్ర లైటు వెలుగుతోందా?"

"లేదు."

"వెలగకపోతే మంచిదేగా," అన్నాడు.

రుచిత డ్యాష్‌బోర్డు వైపు చూసింది.

"మంచిది గాదు," అంది మెల్లగా. "నాయిన పొద్దుగాల తాళం సగం తిప్పి, ఆ ఎర్ర లైటుకు దండం పెట్టేటోడు. 'పొద్దు పొడిసింది బిడ్డా' అని, ఆనక సెల్ఫ్ కొట్టేటోడు. ఆయన పోయినంక నేను అటు చూసుడే బంద్ వెట్టిన."

ఇంజన్ ఆపి, తాళం సగం తిప్పింది. ఎర్ర లైటు రాలేదు.

నవీన్ డ్యాష్‌బోర్డు విప్పాడు. బల్బు ఉండాల్సిన చోట ఖాళీ. "ఎవరో తీసేశారండి."

రుచిత ఫోన్ చేసింది. మదన్‌మోహన్ దాచలేదు. "నేనే తీపిచ్చిన. ఊకె వెలుగుతుండె. కొనేటోళ్లు చూస్తే రేటు దించుతరని."

"బెల్టు వదులై వెలిగి ఉంటుంది. ఆ బల్బు గుండా వచ్చే కరెంటే డైనమోని నిద్రలేపుతుంది," అన్నాడు నవీన్. "అది లేకపోతే ఉత్తినే తిరుగుతూ ఉంటుంది."

కొత్త బల్బు పెట్టాడు. తాళం తిప్పగానే ఎర్రగా వెలిగింది. రుచిత చేతులు వాటంతటవే జోడయ్యాయి. నవీన్ చూడనట్టు వాన వైపు తిరిగాడు. ఇంజన్ అందుకోగానే లైటు ఆరిపోయింది, మీటర్ పద్నాలుగుకు ఎక్కింది.

మర్నాడు పొద్దున నవీన్ కోహీర్‌లో రుచిత ఇంటికి వచ్చాడు. "నా స్క్రూడ్రైవర్ మీ బండిలో మర్చిపోయానండి."

"నేనే దాచిన," అంది రుచిత.

కొనేటాయన, మదన్‌మోహన్ చూస్తుండగా తాళం తిప్పింది. ఒక్క దెబ్బకు స్టార్టయింది.

"అయితే అయింది," అన్నాడు మదన్‌మోహన్. "ఆడపిల్లకు ఈ లోడు పని ఎందుకు?"

"మాట ఇచ్చినవ్ చిన్నాయినా. మాట మీద నిలబడు."

భర్త పోయాక బండి ముందుకే రాని రుచిత తల్లి ఇందిరమ్మ గడప దాటి వచ్చింది. ఎవరినీ అడగలేదు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, మరిది వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు. కొనేటాయన చెప్పులు వెతుక్కున్నాడు.

"ఈ పిలగాడెవరే?" అంది ఇందిరమ్మ.

"అడుగుత ఉండు." రుచిత కిటికీలోంచి తల బయటపెట్టింది. "స్క్రూడ్రైవర్ కోసమేనా వచ్చింది?"

"కాదండి. బ్యాటరీ మార్చనని ఎదురు తిరిగారు చూడండి, అప్పుడే మీరు నచ్చేశారు."

"గట్టిగ చెప్పు. ఇంజన్ సప్పుడుకు వినవడ్తలేదు."

నవీన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా గట్టిగానే చెప్పాడు. వాకిలంతా విన్నది. మదన్‌మోహన్ దగ్గాడు. ఇందిరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, చాలా రోజుల తర్వాత.

రుచిత వంగి పక్క తలుపు తెరిచింది.

"గీ సీట్ల నేను కూసునేదాన్ని, నాయిన పక్కన. ఇగ ఖాళీగుండొద్దు. ఎక్కు. అల్లం ఎత్తాలె, చేతులు ఖాళీ పెట్టుకోని వచ్చినవ్ గద."

"ఎక్కుతున్నానండి."

"ఆ అండి బంద్ వెట్టు ముందుగాల."

అతను ఎక్కాడు. చక్రం కింద నిమ్మకాయ చిట్లింది.