కుడి కంటిపాప కాస్త పెద్దది

“నువ్విక ఫీల్డ్‌కి పనికిరావు,” అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తలెత్తకుండా.

పన్నెండేళ్ళ సర్వీసులో నాలుగు విదేశీ ముఠాల ఆట కట్టించిన మనిషికి ఆ మాట మింగుడుపడలేదు. ఆమె కోడ్‌నేమ్ పిచ్చుక. ఆమె కుడి కంటిపాప ఎడమదానికంటే రవ్వంత పెద్దది. అది మెదడులో ఏదో ముదురుతోందనడానికి గుర్తనీ, అలాంటి మనిషిని మిషన్ మీద పంపడం ప్రమాదమనీ మెడికల్ బోర్డుకు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు.

ఆఫీసు డాక్టరు పెన్‌టార్చి తీసి రెండు కళ్ళలోకీ వెలుగు కొట్టాడు. రెండు పాపలూ చప్పున ముడుచుకున్నాయి. తలనొప్పి ఉందా, రెప్ప వాలిపోతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని అడిగాడు. ఏదీ లేదంది. ఈ తేడా ఉన్నట్టుండి వచ్చిందయితే ఈ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాలనీ, చిన్నప్పటి నుంచీ ఉన్నదే అయితే కంగారు అక్కర్లేదనీ చెప్పాడు. కాకపోతే పాతదేనని చూపించే ఫోటో కావాలట.

“సాయంత్రానికి తెస్తాను. ముందు మిషన్,” అంది పిచ్చుక.

“మిషన్ నెమలికిస్తున్నాను,” అన్నాడు చీఫ్. నెమలి అదే ఆఫీసులో ఇంకో ఏజెంటు.

విదేశీ ముఠాకు అమ్ముడుపోయిన సొంతవాళ్ళ పేర్లు ఒక మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయి. ఆ ఫిల్మ్ ఒక చేతిగడియారంలో, ఆ గడియారం ఒక వాచీల మెకానిక్ దగ్గర. దాన్ని అతనికి చేరవేసిన మనిషి మర్నాడే శవమై తేలాడు. కోడ్ మాటలన్నీ బయటికి పొక్కిపోవడంతో మెకానిక్‌కు ఇచ్చిన గుర్తు ఒకటే: కుడి కంటిపాప పెద్దగా ఉన్న ఆవిడ. నెమలి కుడికంట్లో పాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే సరిపోతుందని ఐదు నిమిషాల క్రితమే తట్టిందట చీఫ్‌కి. నెమలికింకా చెప్పనేలేదట.

నెమలి వచ్చింది. అడుగు పెడితే టైపు మిషన్లు కూడా ఆగిపోయేంత అందం. గదిలో కూడా నల్లద్దాలు తీయలేదు. చీఫ్ చెప్పిందంతా విని, ఆశ్చర్యపోయి, చుక్కలు తనే వేసుకుంటానని డాక్టరిచ్చిన మందు సీసా తీసుకుని వెళ్ళిపోయింది. అంతసేపూ పక్కనే నిలబడ్డ పిచ్చుకకు నల్లద్దాల అంచు సందులోంచి ఆమె కుడికన్ను కనిపించింది. పాప అప్పటికే పెద్దదై ఉంది.

ఆ మందు పనిచేయడానికి ఎంతసేపు పడుతుందని డాక్టర్ని అడిగింది. కనీసం ఇరవై నిమిషాలన్నాడు.

చెప్పకముందే చుక్కలు వేసుకొచ్చిన మనిషే, మిషన్ తన చేతికి రావాలని ఆ ఉత్తరం కూడా రాసిందని పిచ్చుక చీఫ్‌కి విడమరిచి చెప్పింది. అది ఒట్టి కుళ్ళని చీఫ్ కొట్టిపారేశాడు. ఇంటికెళ్ళి ఫోటో వెతుక్కోమన్నాడు.

“అలాగే సార్,” అంది. బల్ల మీది పెన్‌టార్చి ఆమె పర్సులోకి జారింది. కాళ్ళు మాత్రం ఇంటివైపు వెళ్ళలేదు.

దారిలో ఫోన్ చేస్తే వాళ్ళమ్మ విసుక్కుంది. “ఆ కంటికేమొచ్చిందే? ఒక కంటితో ఆశ్చర్యపోతూనే పుట్టావు. మీ ఆఫీసులో చూపున్నవాళ్ళెవరూ లేరా?” అంటూనే ఆరు నెలల వయసు నాటి ఫోటో వెతకడానికి లేచింది.

పిచ్చుక మెకానిక్ దుకాణం మెట్లెక్కేసరికి గడియారం నెమలి అరచేతిలో ఉంది.

“బాబాయ్, ఒక్క నిమిషం. ఆ పెద్ద కన్ను నాది.”

మెకానిక్ కంటికి బిగించిన భూతద్దంలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎవరిని నమ్మాలో తేలక తల గోక్కున్నాడు. పిచ్చుక టార్చి వెలిగించి ముందు తన కళ్ళలోకే కొట్టుకుంది. రెండూ కలిసి ముడుచుకున్నాయి, కుడిది ఆ రవ్వంత పెద్దగానే. తర్వాత వెలుగు నెమలి మీదికి తిప్పింది. ఎడమపాప చిన్నదైంది. కుడిది చొక్కా గుండీలా కదలక మెదలక ఉంది.

“నలభై ఏళ్ళుగా ఆగిపోయినవాటినే చూస్తున్నానమ్మా,” అన్నాడు మెకానిక్, నెమలితో. “నీది నడవడం లేదు.”

నెమలి ఇక నటించలేదు. పళ్ళచక్రాలు కడిగే పెట్రోలు గిన్నెలోకి గడియారాన్ని విసిరి లిప్‌స్టిక్ మూత తిప్పింది. లిప్‌స్టిక్ కొసన మంట లేచింది. పిచ్చుక టార్చిని ఆ కుడికంటికి ఆనించినంత పని చేసింది. ముడుచుకోవడం చేతకాని పాప వెలుగునంతా మింగేసింది. నెమలి కళ్ళు గట్టిగా మూసుకుంది. మంట గాల్లో తడబడిన ఆ ఒక్క క్షణంలో మెకానిక్ గిన్నె లాగేశాడు, పిచ్చుక ఆమె మణికట్టు మెలితిప్పి పట్టుకుంది.

సాయంత్రం చీఫ్ బల్ల మీద ఫిల్మ్, ఫోటో పక్కపక్కన ఉన్నాయి. ఫిల్మ్‌లో మొదటి పేరు నెమలిదే. ఫోటోలో బోసినోటి పాప రెండు కళ్ళూ రెండు కొలతల్లో నవ్వుతున్నాయి. పాతదే, ఫీల్డ్ డ్యూటీకి అడ్డు లేదని డాక్టరు సంతకం పెట్టాడు. చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

“అయినా గూఢచారికి ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేసే కన్ను మంచిది కాదు. తేడా కనపడకుండా లెన్స్ పెట్టుకో.”

“పెట్టుకోను సార్. ఇవాళ ఈ ఆఫీసుని కాపాడింది ఆ తేడానే.”

చీఫ్ మళ్ళీ ఫైల్లోకి తల దూర్చాడు. పిచ్చుక పర్సులోంచి టార్చి తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

“దీని బ్యాటరీ అయిపోవస్తోంది డాక్టర్‌గారూ. కంగారు పడాలంటే దీని గురించి పడండి.”